అంబులెన్స్‌కి ఇల్లెలా తెలుస్తుంది?

డల్లాస్‌లో ఉన్న కొడుకు గుంటూరులోని తల్లితో వాట్సాప్ వీడియోలో మాట్లాడుతున్నాడనుకుందాం. మాటల మధ్యలో ఆవిడ కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయింది. ఫోను బల్లమీదే ఉంది, అతనికి అంతా కనబడుతూనే ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. అతను ఏ నంబరు నొక్కాలి? 108 అనే మూడంకెలు దేశం దాటితే పనిచెయ్యవు. ముందు +91 తగిలించినా అంబులెన్స్ కేంద్రానికి చేరవు. 911 నొక్కితే టెక్సాస్‌లో ఎవరో పలుకుతారు గానీ గుంటూరుకి బండి పంపడం వాళ్ల చేతుల్లో లేదు. అన్ని అత్యవసరాలకీ మన దేశంలో ఉన్న 112కి వాట్సాప్‌లోంచి చేసే వీలే లేదు. పక్క ఫ్లాటువాళ్ల నంబరు దగ్గరుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

మనుషులు నేను ఊహించినవాళ్లే గానీ, ఈ అడ్డంకులన్నీ నిజమైనవే. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి. ఫోను మన జేబులోకి వచ్చింది, చవకైంది, మొహాలు చూపిస్తోంది. సంతోషమే. ఈ దారిలో ఒకటి మాత్రం జారిపోయింది: పిలిచిన మనిషి ఎక్కడున్నాడో పిలుపుతో పాటు తెలియడం. అది జారిపోయిన సంగతి జనానికి ఏదో ఒక ప్రాణం మీదికి వచ్చినప్పుడే తెలుస్తోంది.

రాగితీగ రోజుల్లో ఈ పని ఎలా జరిగేదో చెబుతాను. ఎక్స్ఛేంజీలో ఎం.డి.ఎఫ్. అని పొడవాటి ఇనుప చట్రం ఒకటి ఉంటుంది. దానికి ఒకవైపు నంబర్లు, రెండోవైపు వీధిలోకి పోయే కేబుల్ జతలు. ఈ రెంటినీ కలుపుతూ వేలకొద్దీ సన్నని జంపర్ వైర్లు. ఫలానా నంబరు ఏ జతలోకి దిగింది, ఆ జత ఏ పిల్లర్‌కి చేరింది, అక్కణ్ణించి ఏ స్తంభంమీది డీపీకి, ఆ డీపీ నుంచి ఏ ఇంటికి అన్నది రికార్డులో రాసి ఉండేది. పాత లైన్‌మన్‌కి ఆ రికార్డు కూడా అక్కర్లేదు. నంబరు చెబితే గేటు రంగు చెప్పేవాడు. ఫోను కదలదు కాబట్టి ఆ కాగితం అబద్ధమాడేది కాదు. ఇక కరెంటు. ఫోనుకి కావలసిన 48 వోల్టులు ఇంటి మీటరు నుంచి కాదు, ఎక్స్ఛేంజీ బ్యాటరీ గది నుంచి అదే రాగితీగ మీద వచ్చేవి. ఆ బ్యాటరీలకి వెనక డీజిల్ జనరేటరు. ఊరంతా చీకటైనా రిసీవర్ ఎత్తితే డయల్ టోన్ వినబడేది అందుకే.

దీన్నిబట్టి పాత టెలిఫోన్ శాఖని నెత్తిన పెట్టుకోవాలని నేననడం లేదు. ఫోను కనెక్షన్ కోసం ఏళ్లతరబడి వరసలో నిలబెట్టిన శాఖ అది. ఓవైటీ (ఓన్ యువర్ టెలిఫోన్) పథకం కింద ముందే డబ్బు కట్టినవాళ్లకీ ఎదురుచూపు తప్పలేదు. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. చందాదారు ఎక్కడుంటాడో ఆ శాఖకి తెలిసింది అతని క్షేమం కోసం కాదు. బిల్లు పంపాలి, కట్టకపోతే లైను కొయ్యాలి. ఆ చిరునామా ఆపదలో పనికిరావడం కొసరుగా దొరికిన లాభం.

అమెరికా చరిత్ర చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కడ దశాబ్దాలపాటు టెలిఫోన్ అంటే ఏటీ అండ్ టీ కంపెనీ, దాని బెల్ సంస్థలు. రిసీవర్‌కి మాట బయటికి వినబడకుండా ఒక మూత తగిలించుకున్నా తన నెట్‌వర్క్ పాడవుతుందని అడ్డుపడిన కంపెనీ అది. 1956లో కోర్టు ఆ వాదనను కొట్టేసింది. 1968 జనవరిలో ఆ కంపెనీయే దేశమంతటికీ 911 అనే అత్యవసర నంబరు ప్రకటించింది. అయితే మొట్టమొదటి 911 పిలుపు దాని లైన్లమీద మోగలేదు. అలబామా రాష్ట్రంలో హేలీవిల్ అనే చిన్న ఊళ్లో, ఒక చిన్న స్వతంత్ర టెలిఫోన్ కంపెనీ పంతం పట్టి, ఫిబ్రవరి 16నే పోలీస్ స్టేషన్‌లోని ఎర్ర ఫోను మోగించేసింది.

తర్వాత వచ్చిన మెరుగైన 911లో పిలిచినవారి నంబరు, చిరునామా ఆపరేటరు తెరమీద వాటంతటవే కనబడేవి. ఆ నంబరును మోసుకెళ్లే లైన్లని కామా ట్రంకులంటారు. అవి పుట్టింది అంబులెన్స్ కోసం కాదు. దూరపు కాల్స్‌కి ఎవరి ఖాతాలో ఎంత రాయాలో లెక్కగట్టడానికి. ప్రాణాలు కాపాడే ఏర్పాటు బిల్లింగ్ గొట్టాల్లోంచే నడిచిందన్నమాట. ఏ పిలుపు ఏ ఊరి కేంద్రానికి పోవాలో తేల్చే సెలెక్టివ్ రూటర్లు స్థానిక టెలిఫోన్ కంపెనీల ఆస్తి. 1984 జనవరి 1న బెల్ సామ్రాజ్యం ఏడు ప్రాంతీయ కంపెనీలుగా ముక్కలైనా ఆ రూటర్ల తాళంచెవులు ఆ ముక్కల దగ్గరే ఉండిపోయాయి.

ఇంటర్నెట్ ఫోను వచ్చి పడింది ఈ ఏర్పాటు మీదికే. 2000 తర్వాత వానేజ్ లాంటి కంపెనీలు చిన్న అడాప్టరు పెట్టె అమ్మడం మొదలుపెట్టాయి. బ్రాడ్‌బ్యాండ్‌కి తగిలిస్తే మామూలు ఫోను మోగుతుంది. నచ్చిన ఊరి ఏరియా కోడ్ తీసుకోవచ్చు, పెట్టెను సూట్‌కేసులో పెట్టుకుని ఎక్కడికైనా పోవచ్చు. ఇండియాకి చవగ్గా మాట్లాడుకోవడానికి తెలుగిళ్లలోనూ ఇవి చేరాయి. నంబరు ఊరిని వదిలేసింది. బిల్లు ఈమెయిల్లో వచ్చి క్రెడిట్ కార్డుమీద తీరిపోతోంది. చిరునామా తెలుసుకుని తీరాల్సిన స్వార్థం కంపెనీకి లేకుండా పోయింది.

2005 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లో ఒక ఇంట్లోకి దొంగలు చొరబడి భార్యాభర్తలిద్దర్నీ కాల్చారు. 17 ఏళ్ల కూతురు ఇంట్లోని ఇంటర్నెట్ ఫోనులో 911 నొక్కింది. ఈ లైను నుంచి 911 అందుబాటులో లేదు, వేరే ఫోను వాడండి అని రికార్డింగ్ వినబడింది. ఆ తల్లిదండ్రులు బతికారు. మార్చిలో టెక్సాస్ అటార్నీ జనరల్ వానేజ్ మీద దావా వేశారు. 911 కావలసినవాళ్లు విడిగా నమోదు చేసుకోవాలని ముందే చెప్పామని కంపెనీ వాదన. నమోదు చేసుకున్నవాళ్ల సంగతైనా అంతంతమాత్రమే. ఆ పిలుపులు చాలాచోట్ల అసలు 911 లైన్లలోకి కాక ఆ కేంద్రం ఆఫీసు పనులకి వాడే మామూలు నంబరుకి పోయేవి. తెరమీద చిరునామా పడదు. పని వేళలు దాటితే ఎత్తేవాడుంటాడన్న నమ్మకమూ లేదు. ఎందుకంటే సెలెక్టివ్ రూటర్‌లోకి దారి పాత కంపెనీలు ఇవ్వాలి. కొత్తగా వచ్చి తమ గిరాకీ లాక్కుంటున్నవాడికి దారివ్వాలన్న తొందర వాళ్లకెందుకుంటుంది? ఇవ్వమనే చట్టమూ అప్పటికి లేదు.

అదే ఏడాది మే 19న నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఉత్తర్వు చేసింది. మామూలు ఫోన్లతో కలిసే ఇంటర్నెట్ ఫోను కంపెనీలన్నీ 120 రోజుల్లో పూర్తి 911 ఇవ్వాలి. చందాదారు చిరునామా తీసుకుని తీరాలి. పరిమితులు చెప్పి, అర్థమైందని ఒప్పుకోలు తీసుకోవాలి. పరికరం మీద అంటించుకోవడానికి హెచ్చరిక స్టిక్కర్లివ్వాలి. ఆ స్టిక్కర్ గురించి నాకొక ఫిర్యాదుంది. ఇంట్లో దొంగ ఉన్నప్పుడు ఫోను కింద అంటించింది చదివేదెవరు? పాత కంపెనీలు 911 ఏర్పాట్లలోకి దారి ఇచ్చి తీరాలని అమెరికా కాంగ్రెస్ చట్టం చెయ్యడానికి మాత్రం 2008 జూలై దాకా పట్టింది.

చిరునామా నమోదు చేయిస్తే చాలా? ఆ 2008 ఏప్రిల్‌లోనే కెనడాలోని కాల్గరీలో ఏడాదిన్నర పిల్లవాడికి ప్రాణం మీదికి వస్తే ఇంట్లోవాళ్లు ఇంటర్నెట్ ఫోనులో 911కి చేశారు. అంబులెన్స్ వెంటనే బయల్దేరింది, వాళ్లు అంతకుముందు కాపురమున్న మిస్సిసాగా ఇంటికి. రెండూళ్ల మధ్య దూరం రెండున్నర వేల కిలోమీటర్ల పైమాట. ఎదురుచూసి ఎదురుచూసి పక్కింటి ల్యాండ్‌లైన్ నుంచి మళ్లీ చేస్తే నిమిషాల్లో బండి వచ్చింది. పిల్లవాడు దక్కలేదు. ఈ ఉదంతంలో ఏ యంత్రమూ చెడిపోలేదు. ఫోను మోగింది, మనిషి పలికాడు, రికార్డులో ఉన్న ఇంటికి బండి పోయింది. ఆ రికార్డు పాతబడితే కనిపెట్టే బాధ్యత ఎవరిదన్నది ఒక్కటే తేలలేదు. ఎం.డి.ఎఫ్. రోజుల్లో ఇల్లు మారితే లైన్‌మన్ వచ్చి తీగ మార్చాలి, ఆ మార్పే రికార్డు. ఇప్పుడు ఇల్లు మారేవాడు గ్యాస్, ఆధార్, బ్యాంకు అన్నీ గుర్తుంచుకుంటాడు, ఫోను పెట్టెకి కొత్త చిరునామా చెప్పడం మరిచిపోతాడు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు.

ఇంటర్నెట్ పద్ధతికి మారాక ఇంకో మార్పు జరిగింది. చర్చల్లో ఇది పెద్దగా వినబడదు గానీ నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. ఒకప్పుడు ఊరి 911 చెడితే ఆ ఊళ్లోనే చెడేది. ఇప్పుడు కాల్స్‌ని ఏ కేంద్రానికి పంపాలో తేల్చే పని కొద్దిపాటి పెద్ద కంప్యూటర్ కేంద్రాలకి చేరింది. ఇంట్రాడో అనే కంపెనీకి కొలరాడోలోని ఎంగిల్‌వుడ్‌లో అలాంటి కేంద్రం ఉండేది. వచ్చిన ప్రతి కాల్‌కీ అక్కడి సాఫ్ట్‌వేరు ఒక వరస సంఖ్య ఇస్తుంది. ఆ లెక్కకి ఎవరో 4 కోట్లు అని గరిష్ఠ పరిమితి పెట్టారు. 2014 ఏప్రిల్ 9 అర్ధరాత్రి వేళకి లెక్క ఆ సంఖ్యని తాకింది. ఆ తర్వాత వచ్చిన పిలుపులకి ఇవ్వడానికి సంఖ్య లేదు, సంఖ్య లేని పిలుపుకి దారి లేదు. యంత్రం మాత్రం బాగానే ఉన్నట్టు నడుస్తోంది. లోపం గురించి హెచ్చరిక రాకపోలేదు, వచ్చింది. అది తక్కువ ప్రాధాన్యపు గుంపులో పడి ఎవరి కంటా పడలేదు. మయామీలో రెండో కేంద్రం సిద్ధంగానే ఉంది, కాల్స్‌ని అటు మళ్లించమని చెప్పినవాళ్లు లేరు.

ఆరు గంటల పాటు ఏడు రాష్ట్రాల్లో 81 అత్యవసర కేంద్రాలకి ఫోన్లు అందలేదు. వాషింగ్టన్ రాష్ట్రమంతా మూగబోయింది. ఆ కేంద్రాలమీద ఆధారపడిన జనం 1.1 కోట్లు. గమ్యం చేరని పిలుపులు 6,600 పైచిలుకు. సియాటిల్ ప్రాంతంలో ఒకావిడ, ఎవడో ఇంట్లోకి దూరుతుంటే, కనీసం 37 సార్లు 911 నొక్కింది. చివరికి వంటింటి కత్తి చూపించి వాణ్ణి తరిమింది. కారణం తుపానూ కాదు, తెగిన కేబులూ కాదు, ఒక అంకె. తర్వాత జరిమానాలు పడ్డాయి. వాషింగ్టన్‌లో 911 బాధ్యత ఉన్న సెంచురీలింక్ 1.6 కోట్ల డాలర్లు చెల్లించింది.

దుకాణం ముందు గుత్తాధిపత్యం పోయింది, పదిమంది అమ్ముతున్నారు. కానీ వెనకగదిలో అది మళ్లీ మొలిచింది. తేడా ఏమిటంటే పాతదాని పేరు ప్రతి బిల్లుమీదా ఉండేది. కొత్తదాని పేరు ఆ 37 సార్లు నొక్కినావిడ అంతకుముందు ఎప్పుడూ విని ఉండదు.

ఇక మన కథ. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం తంతి, టెలిఫోన్ల మీద సర్వహక్కులూ ప్రభుత్వానికి కట్టబెట్టింది. విదేశీ కాల్స్ మీద వీఎస్‌ఎన్‌ఎల్ గుత్తాధిపత్యం 2002 మార్చి 31 దాకా సాగింది. ఆ మర్నాటి నుంచే ఇంటర్నెట్ టెలిఫోనీకి అనుమతి వచ్చింది, కాళ్లకి బంధం వేసి. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి మాట్లాడుకోవచ్చు. కంప్యూటర్ నుంచి విదేశంలోని ఫోనుకి చేసుకోవచ్చు. దేశంలోని మామూలు ఫోనుకి మాత్రం చెయ్యరాదు. ట్రంక్ కాల్ రాబడికి గండి పడకుండా కట్టిన గోడ అది. దాని ఫలితంగా ఇంటర్నెట్ మాటలొక లోకం, టెలిఫోన్ నంబర్లొక లోకం అయ్యాయి. 112 ఉన్నది నంబర్ల లోకంలో, జనం మాట్లాడుకునేది ఎక్కువగా మొదటి లోకంలో.

తెలుగు నేల అత్యవసర పిలుపులో వెనకబడిందని మాత్రం ఎవరూ అనలేరు. హైదరాబాదులో 108 మొదలైంది 2005 ఆగస్టు 15న. ఎఫ్‌సీసీ పెట్టిన ఆ 120 రోజుల గడువు నడుస్తున్న నెలలే అవి. 108లో చిరునామా కనుక్కునే పద్ధతి మరీ సూటి: అడగడం. ఏ మండలం, ఏ ఊరు, బస్టాండు నుంచి ఎటు, దగ్గర్లో గుడి ఉందా, బడి ఉందా? తొణక్కుండా ఈ ప్రశ్నలు వేసి దారి రాబట్టే ఆ ఆపరేటర్లంటే నాకు గౌరవం. కానీ మాట పడిపోయినవాణ్ణి ఏమని అడుగుతారు? రాత్రిపూట హైవేమీద కారు బోల్తాపడిన పరాయి ఊరివాడు ఏ గుడి గుర్తు చెబుతాడు?

2017 అక్టోబరులో మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇంటర్నెట్ టెలిఫోనీ మీద సిఫార్సులిచ్చింది. అందులో అత్యవసర నంబర్ల ప్రస్తావన ఉంది. ఈ సేవ ఇచ్చే కంపెనీలు లొకేషన్ సాయంతో అత్యవసర కాల్స్‌కి వీలు కల్పించేలా ప్రోత్సహించవచ్చు, ప్రస్తుతానికి తప్పనిసరి చెయ్యనక్కర్లేదు, పరిమితుల సంగతి చందాదారులకి స్పష్టంగా చెబితే చాలు. సారాంశం ఇంతే. 2018లో టెలికాం శాఖ దారి తెరవగానే, జూలైలో బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్ లేకుండా యాప్ మీద నడిచే వింగ్స్ సేవ ప్రకటించింది. కొత్త సేవ మీద మొదట్లోనే బరువు మోపకూడదన్న జాగ్రత్త నాకర్థమవుతుంది. అమెరికాలోనూ 2005 దాకా ఇదే మాటన్నారు. వాళ్లు 2005లో ఏం చూసి మనసు మార్చుకున్నారో మన దస్త్రాలు రాసేనాటికి 12 ఏళ్లుగా లోకానికి తెలుసు. స్టిక్కరు దగ్గర వాళ్లు మొదలుపెట్టారు, మనం స్టిక్కరు దగ్గరే ఆగాం.

మన దేశంలో అందరి చేతుల్లోనూ మొబైలే కదా, దానికి టవరుంది, 112 పలుకుతుంది, భయమెందుకని అడిగేవాళ్లున్నారు. సగం నిజమే. 112కి చేసినప్పుడు ఫోను సాధారణంగా ముందు టవరునే వెతుకుతుంది. మిగతా సగం సంగతి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, సిగ్నల్ అందని లోపలి గదుల్లో తేలుతుంది. వైఫై కాలింగ్ అక్కరకొచ్చేది ఆ చోట్లలోనే, మనిషి ఎక్కడున్నాడో టవరు చెప్పలేనిదీ అక్కడే.

ఇంతకన్నా మెల్లగా, చప్పుడు లేకుండా జరుగుతున్నది రాగితీగ నిష్క్రమణ. చాలా ఇళ్లలో ల్యాండ్‌లైన్ అంటే ఇప్పుడు గోడకి తగిలించిన ఫైబర్ పెట్టె వెనక ఒక రంధ్రం. పాత ఫోనే, పాత ఎస్టీడీ కోడే, మోత కూడా అదే. అందుకే పెద్దవాళ్లు దాన్ని పాత ఫోనంతగా నమ్ముతారు. ఏపీ ఫైబర్ 2017 డిసెంబరులో నెలకి 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, టెలిఫోన్ మూడూ ఇస్తామన్నప్పుడు ఆ టెలిఫోనూ ఈ కోవదే. గాజుతీగలో కరెంటు పారదు. ఇంట్లో కరెంటు పోతే పెట్టె ఆగుతుంది, పెట్టె ఆగితే ఫోను ఆగుతుంది. వీధిలో కేబుల్ ఆపరేటరు పరికరాలకి బ్యాకప్ లేకపోతే మీ ఇంట్లో ఇన్వర్టరున్నా లాభం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖని తాకినప్పుడు కరెంటు, సెల్ టవర్లు కలిసే కూలబడ్డాయి. మళ్లీ అలాంటి రాత్రి వస్తే రాగి లేని ఊళ్లో మిగిలేదేమిటి? అమెరికాలో ఎఫ్‌సీసీ 2015లో ఒక నియమం పెట్టింది. ఇలాంటి ఫోన్లిచ్చే కంపెనీలు 8 గంటల బ్యాకప్ కొనుక్కునే అవకాశం చందాదారుకి ఇవ్వాల్సి వచ్చింది, 2019 నుంచి 24 గంటలది. 2025లో ఆ నియమం గడువు తీరిపోయింది. ఉచితంగా ఇవ్వమని అదీ అనలేదు. నా ఉద్దేశంలో అది కూడా తక్కువే.

ఆఫీసులు, హోటళ్ల మాట కూడా చెప్పాలి. 2013 డిసెంబరులో టెక్సాస్‌లోని ఒక హోటల్ గదిలో తల్లి మీద దాడి జరుగుతుంటే తొమ్మిదేళ్ల పాప పదేపదే 911 నొక్కింది. బయటి లైనుకి ముందు ఇంకో 9 నొక్కాలని ఆ పిల్లకెవరు చెప్పారు? ఆ తల్లి పేరుమీద వచ్చిన కారీ చట్టం 2020 నుంచి కొత్త ఆఫీసు ఎక్స్ఛేంజీలన్నింటిలో 911 నేరుగా పోవాలంటోంది. హైదరాబాదు మాదాపూర్ అంతస్తుల్లో డెస్క్ మీది చాలా ఫోన్లకీ ముందు సున్నానో తొమ్మిదో కావాలి. అదీగాక 2021 జూన్‌లో మన టెలికాం శాఖ కాల్ సెంటర్ల నిబంధనలు సడలించినప్పుడు వాటి ఈపీఏబీఎక్స్ (ఆఫీసు ఎక్స్ఛేంజి) ప్రపంచంలో ఎక్కడైనా ఉండొచ్చన్నారు. వ్యాపారానికి మంచిదే. ఆ బల్లమీద ఎవరికైనా గుండె పట్టేస్తే, పక్కవాడు నొక్కిన 112 ఏ ఊరి కేంద్రంలో మోగుతుందో, ఏ అంతస్తు అని చెబుతుందో ఆ నిబంధన రాసినవాళ్లు రాయలేదు.

కావలసింది పెద్ద సాంకేతిక అద్భుతమేమీ కాదు. టెలిఫోన్ నంబరు ఇచ్చే ప్రతి సేవా, అది యాప్ కానీ పెట్టె కానీ, 112ని మోసుకెళ్లడం తప్పనిసరి కావాలి. చందాదారు చిరునామా సరైనదని ఏటా ఒకసారైనా సరిచూసే బాధ్యత కంపెనీదే కావాలి, చందాదారుది కాదు. 112 ఆగిన ప్రతిసారీ ఎంతసేపు, ఎన్ని కాల్స్, ఎందువల్ల అన్న నివేదిక జనం చదవగలిగేలా బయటపెట్టాలి. ఎంగిల్‌వుడ్ సంగతి మనం ఇంత వివరంగా చెప్పుకోగలుగుతున్నామంటే ఎఫ్‌సీసీ దాన్ని అచ్చువేసి బయటపెట్టింది కాబట్టే. విదేశాల్లో ఉన్న పిల్లలు ఇక్కడి 112కి చేరగలిగేలా పది అంకెల నంబరొకటి ప్రతి రాష్ట్రమూ ప్రకటించడానికి పెద్ద ఖర్చు అవుతుందని నేననుకోను. అది వచ్చేదాకా తల్లిదండ్రుల ఊరి పోలీస్ స్టేషన్‌దీ, దగ్గరి ఆసుపత్రిదీ ఎస్టీడీ కోడ్‌తో సహా పూర్తి నంబర్లు ఫోనులో రాసిపెట్టుకోవాలి.

ఇంట్లో ఫైబర్ ల్యాండ్‌లైన్ ఉన్నవాళ్లు ఈరోజే ఒక పని చెయ్యొచ్చు. పెట్టె ప్లగ్గు పీకి రిసీవర్ ఎత్తి చూడండి. డయల్ టోన్ రాకపోతే పెట్టె పక్కన ఒక చిన్న యూపీఎస్ పెట్టించండి. ఆ పెట్టిన యూపీఎస్ ఎంతసేపు నిలుస్తుందో గడియారం చూసి మరీ లెక్కగట్టి, ఆ సంఖ్య ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పండి.